పికప్ ట్రక్కులతో వాణిజ్య మంచు తొలగింపు వ్యాపారం: లాట్ కొలత నుంచి వసంతకాలం దాకా సమగ్ర మార్గదర్శి

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ దుకాణ సముదాయాలు, క్లినిక్‌లు, గిడ్డంగులు, ప్రార్థనా మందిరాలు చాలావరకు తమ పార్కింగ్ లాట్‌లలోని మంచును ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతనే తీయించుకుంటాయి. ముందుభాగాన ప్లౌ (మంచును తోసే పెద్ద బ్లేడు) బిగించిన ఒక పికప్ ట్రక్కు ఉంటే ఈ రంగంలోకి అడుగుపెట్టవచ్చు కాబట్టి, కొత్తగా వచ్చేవారిలో ఎక్కువమంది ముందు ట్రక్కు కొని, ఆ తర్వాత పని వెతుక్కుంటారు. ఈ వరుసను తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఉదయం ఏడు గంటలకు తలుపులు తెరిచేసరికి తన కస్టమర్లు జారిపడకుండా లోపలికి రాగలగాలనే ఖాతాదారు (మీకు పని ఇచ్చిన ఆస్తి యజమాని) మీకు డబ్బు చెల్లిస్తాడు. ఆ గడువులోగా ఎన్ని లాట్‌లను పూర్తి చేయగలరు, ఏ షరతులమీద చేస్తారు, చేసినట్టు ఏ రుజువు చూపగలరు అన్నవి తేలిన తర్వాతే ఎలాంటి ట్రక్కు కావాలో తెలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శి ట్రక్కుతో కాక లాట్ కొలతతో మొదలవుతుంది.

మొదటి దశ: వేసవిలోనే లాట్‌లను కొలవండి

నేల కనిపించే జూలై, ఆగస్టు నెలలే స్థలాలు చూడటానికి అనువైన కాలం. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న లాట్‌లనే ఎంచుకోండి. మామూలు రోజున పది నిమిషాల్లో దాటే దూరం మంచు తుపాను రాత్రి అరగంట తినేయవచ్చు. ఆ అరగంటకు ఎవరూ డబ్బివ్వరు. పట్టణానికి అవతల ఉన్న పెద్ద ఖాతా కన్నా, ఒకే వీధిలో ఉన్న మూడు చిన్న ఖాతాలు లాభదాయకంగా ఉంటాయి.

ప్రతి లాట్ వైశాల్యాన్నీ ఉపగ్రహ పటంమీద కొలిచి, నడిచి సరిచూసుకోండి. ఒక ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దానిమీద ఒక అంగుళం మంచు పడితే అది 3,630 ఘనపుటడుగులు, అంటే సుమారు 134 ఘనగజాలు అవుతుంది. పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు వస్తుందన్న సాధారణ లెక్క ప్రకారం దాని బరువు పదకొండు టన్నుల పైమాటే. తడి మంచైతే ఇంకా ఎక్కువ. రెండెకరాల లాట్‌లో ఆరంగుళాలు పడితే 1,600 ఘనగజాల మంచును ఎక్కడో ఒకచోట పోగుచేయాలి. తోసినప్పుడు అది అణిగి తగ్గుతుంది గాని మాయమైపోదు. కాబట్టి కుప్పలు ఎక్కడ పెట్టాలో వేసవిలోనే నిర్ణయించి, యజమాని చేత ఆ పటంమీద సంతకం చేయించుకోండి.

కుప్పను లాట్‌కు పల్లపు వైపున పెట్టాలి. మెరక మీద పెడితే పగటి ఎండకు కరిగిన నీరు లాట్ అంతటా పారి, రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది. అప్పుడు మంచు పడని రోజున కూడా మనుషులు జారిపడతారు. వాననీటి కాలువల మూతలు, అగ్నిమాపక హైడ్రాంట్లు, వికలాంగులకు కేటాయించిన పార్కింగ్ గళ్లు, రోడ్డు మీదికి వచ్చే డ్రైవరు చూపుకు అడ్డొచ్చే మూలలు ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. మంచును బహిరంగ రహదారి మీదికి గాని, రహదారి దాటించి అవతలికి గాని తోయడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం.

అక్టోబరులో మరొకసారి వెళ్లి పగిలిన కర్బులు (లాట్ అంచున ఉండే సిమెంటు గట్లు), వంగిన స్తంభాలు, లేచిన మ్యాన్‌హోల్ మూతలు, స్పీడ్ బ్రేకర్లను తేదీ కనపడేలా ఫొటోలు తీసి యజమానికి పంపండి. వసంతంలో పగిలిన కర్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్న వాదన వచ్చినప్పుడు ఆ ఫొటోలే జవాబు చెబుతాయి. నేల గడ్డకట్టకముందే కర్బుల వెంట రంగు గుర్తుకర్రలు పాతండి. అడుగు లోతు మంచు కింద కర్బు అంచు ఎక్కడుందో చెప్పేవి అవే.

రెండవ దశ: కాలాన్ని లెక్కకట్టండి

కాగితం మీది లెక్క ఆశపెడుతుంది. ఎనిమిదడుగుల బ్లేడును పక్కకు తిప్పితే సుమారు ఏడడుగుల వెడల్పు శుభ్రమవుతుంది. ప్రతి వరుసా పక్క వరుస మీదికి కొంత ఎక్కాలి కాబట్టి ఆరున్నర అడుగులు మిగులుతుంది. గంటకు ఎనిమిది మైళ్ల వేగంతో ఆగకుండా పోతే గంటలో ఆరెకరాలు పూర్తవ్వాలి. నిజమైన లాట్‌లో ఆ ఆరెకరాలు ఎప్పుడూ కావు. దీపస్తంభాల చుట్టూ తిరగడం, వెనక్కి రావడం, కుప్పను పేర్చడం, రాత్రంతా అక్కడే నిలిచిపోయిన కార్ల పక్కన జాగ్రత్తగా వెళ్లడం కాలంలో అధిక భాగాన్ని మింగేస్తాయి. మొదటి సీజన్‌లో ప్రతి లాట్‌కు మంచు లోతును బట్టి నిజంగా పట్టిన నిమిషాలను రాసిపెట్టుకోండి. మరుసటి ఏడాది ధరలు వేసేటప్పుడు మీకు అంతకు మించిన ఆధారం దొరకదు.

మంచు తెల్లవారుజామున మూడింటికి ఆగి, ఏడింటికల్లా లాట్‌లు తెరవాల్సి ఉందనుకుందాం. చేతిలో 240 నిమిషాలున్నాయి. నాలుగు లాట్‌లకు వరుసగా 30, 45, 40, 35 నిమిషాలు, మధ్య ప్రయాణాలకు మరో 30 నిమిషాలు కలిపితే 180 అవుతుంది. మిగిలిన గంట ఖాళీగా కనిపించినా అక్కడ ఐదో లాట్‌ను చేర్చకండి. ప్లౌను కదిలించే హైడ్రాలిక్ గొట్టం పగిలినా, మంచు తడిగా ఉండి రెండింతలు పని పెట్టినా మిమ్మల్ని గట్టెక్కించేది ఆ గంటే.

మూడవ దశ: ధర కట్టే పద్ధతి

వాణిజ్య ఒప్పందాలు ప్రధానంగా నాలుగు రకాలు. తోసిన ప్రతిసారీ ఒక మొత్తం చెల్లించేది మొదటిది. పడిన లోతును బట్టి, ఉదాహరణకు రెండు నుంచి నాలుగు అంగుళాలకు ఒక ధర, నాలుగు నుంచి ఆరింటికి మరో ధర చెల్లించేది రెండవది. ఒక తుపానుకు మొత్తంగా చెల్లించేది మూడవది. మంచు ఎంత పడినా పడకపోయినా నవంబరు నుంచి మార్చి దాకా నెలనెలా సమానంగా చెల్లించే సీజన్ ఒప్పందం నాలుగవది.

మంచు పడని శీతకాలంలో సీజన్ ఒప్పందాలు వ్యాపారాన్ని నిలబెడతాయి. ఆగకుండా పడిన శీతకాలంలో విడివిడిగా చెల్లించే ఖాతాలు ఆదాయాన్ని పెంచుతాయి. అందుకే రెండూ కలిసి ఉండాలి. కనీసం ట్రక్కుల వాయిదాలు, బీమా, నిల్వ స్థలం అద్దె సీజన్ ఒప్పందాల నుంచే గడిచేలా చూసుకోవడం క్షేమం. సీజన్ ఒప్పందంలో పైపరిమితి తప్పక ఉండాలి. ఫలానా అంగుళాలు దాటితే అదనపు ధర అని రాయకపోతే, ఒక్క చెడ్డ జనవరి ఆ ఖాతా లాభాన్నంతా ఊడ్చేస్తుంది.

ధర వేసేముందు ట్రక్కు గంట ఖర్చు తెలియాలి. ఒక ట్రక్కుకూ ప్లౌకూ ఏడాదికి స్థిరమైన ఖర్చు 12,000 డాలర్లు అనుకుందాం. సీజన్‌లో అది 150 గంటలు పనిచేస్తే గంటకు 80 డాలర్లు పడుతుంది. 90 గంటలే పనిచేస్తే 133 డాలర్లకు పైగా పడుతుంది. ఇంధనం, డ్రైవరు వేతనం, గడ్డను కరిగించేందుకు చల్లే ఉప్పు, మరమ్మతులు దీనికి అదనం. పక్కవాడు తక్కువకు చేస్తున్నాడని ఈ అంకె కిందికి దిగి ఒప్పుకుంటే, మంచు ఎంత ఎక్కువ పడితే అంత ఎక్కువ నష్టం మిగులుతుంది.

నాలుగవ దశ: ఒప్పందంలో ప్రతి మాటా తూచి రాయండి

ఈ వ్యాపారంలో అతి పెద్ద నష్టం జారిపడినవారు వేసే దావాల వల్ల వస్తుంది. ఒప్పందంలోని అస్పష్టత ఆ దావాల్లో మీకే ఎదురు తిరుగుతుంది కాబట్టి ఈ దశకు ఎంత సమయం పట్టినా ఇవ్వండి.

మొదట ట్రిగ్గర్. ఎన్ని అంగుళాలు పడ్డాక మీరు రావాలి అన్నది ఒకటా, రెండా స్పష్టంగా రాయండి. ఆ లోతును ఎవరు కొలుస్తారో కూడా రాయండి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్‌కు చెందిన దగ్గరి కేంద్రం కొలతనా, ఇరుపక్షాలూ ఒప్పుకున్న ప్రైవేటు వాతావరణ సంస్థ నివేదికనా, ఆ లాట్‌లోనే కర్ర గుచ్చి చూసిన లోతునా? ఈ ఒక్క వాక్యం లేక బిల్లులు నెలల తరబడి ఆగిపోతాయి. తర్వాత ఉప్పు: అది తోసే ధరలో భాగమా, విడిగానా, మీ విచక్షణ మేరకు చల్లవచ్చా, ప్రతిసారీ యజమాని అనుమతి కావాలా అన్నవి తేల్చండి. ఖర్చు తగ్గించుకోవడానికి యజమాని ఉప్పు వద్దంటే, ఆ నిర్ణయం తనదేనని సంతకంతో రాసి ఇవ్వాలి.

ఆ తర్వాత నష్టబాధ్యత షరతు. పెద్ద ఆస్తి నిర్వహణ సంస్థలు పంపే ముద్రిత ఒప్పందాల్లో, యజమాని నిర్లక్ష్యం వల్ల జరిగిన ప్రమాదానికి కూడా కాంట్రాక్టరే పూచీ పడాలన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఇలినాయి రాష్ట్రం 2016లో, కొలరాడో 2018లో మంచు తొలగింపు ఒప్పందాల్లో ఇలాంటి షరతులు చెల్లకుండా చట్టాలు చేశాయి. అలాంటి చట్టం లేని రాష్ట్రంలో మీరు పెట్టిన సంతకం మిమ్మల్ని కట్టిపడేస్తుంది. న్యాయవాదికి చూపించి, ఎవరి తప్పుకు వారే బాధ్యులన్నట్టు మార్పించుకోండి. ఒప్పుకోకపోతే ఆ ఖాతాను వదిలేయడమే మంచిది.

చివరగా అసాధారణ తుపాను. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వంటి చోట్ల సరస్సు మీదుగా వచ్చే చలిగాలి సన్నని పట్టీలుగా మంచును కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో ఒకే తుపానుకు 80 అంగుళాలు పడింది. అంత మంచును పికప్‌తో తోయలేరు. లోడర్లు తెచ్చి ఎత్తి, లారీల్లో తరలించాల్సి ఉంటుంది. ఇన్ని అంగుళాలు దాటితే భారీ యంత్రాలకు గంట లెక్కన విడిగా చెల్లించాలన్న షరతు ముందే ఉండాలి.

బీమా విషయానికొస్తే, వ్యక్తిగత వాహన పాలసీ వ్యాపారపు పనికి సాధారణంగా వర్తించదు. వాణిజ్య వాహన పాలసీతోపాటు జనరల్ లయబిలిటీ పాలసీ (ఇతరులకు కలిగే గాయాలకూ నష్టాలకూ వర్తించే బీమా) కూడా ఉండాలి. అందులో మంచు తొలగింపు పని చేర్చి ఉందో, మినహాయించి ఉందో మాటల్లో కాక పాలసీ పత్రంలో చదివి చూసుకోండి.

ఐదవ దశ: ట్రక్కు, ప్లౌ

వాణిజ్య పనికి ముప్పావు టన్ను, ఒక టన్ను తరగతి పికప్‌లు తగినవి: ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350, షెవ్రొలే సిల్వరాడో 2500హెచ్‌డీ, 3500హెచ్‌డీ, ర్యామ్ 2500, 3500. కొత్తది కొంటే గట్టి ముందు స్ప్రింగులతో కంపెనీయే ఇచ్చే ప్లౌ ప్రెప్ ప్యాకేజీ తీసుకోండి. పాతది కొంటే డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చదవండి. ముందు ఇరుసు మోయగల గరిష్ఠ బరువు, వాహనం మొత్తం గరిష్ఠ బరువు అక్కడే ఉంటాయి. ఇరుసుకు బాగా ముందుకు వేలాడే ప్లౌ తన బరువును మించిన భారాన్ని ముందు ఇరుసు మీద మోపి, వెనుక ఇరుసును తేలిక చేస్తుంది. అందుకే ప్లౌ తయారీదారు చెప్పినంత ప్రతిబరువును వెనుక ఇరుసుకు అవతల పెట్టి, జారకుండా కట్టాలి. మొత్తం గరిష్ఠ బరువు 10,001 పౌండ్లు, అంతకు పైబడిన వాహనాన్ని రాష్ట్రాల మధ్య వ్యాపారానికి నడిపితే అమెరికాలో ఫెడరల్ రవాణా నియమాలు వర్తిస్తాయి. సొంత రాష్ట్ర నియమాలు వేరుగా ఉండవచ్చు.

ప్లౌలలో తిన్నని బ్లేడు చవక, మరమ్మతు సులువు. మధ్యలో మడిచే వి-ప్లౌ గట్టిపడిన గుట్టలను చీల్చుకుపోతుంది. చెంచాలా ముందుకు మడిస్తే మంచును పక్కలకు జారనివ్వకుండా మోసుకుపోతుంది. రెక్కలు చాపే రకం విశాలమైన ఖాళీ లాట్‌లకు బాగుంటుంది. రాయికో మూతకో తగిలినప్పుడు బ్లేడు అంతా ముందుకు వాలే రకం ఒకటి, కింది అంచు మాత్రమే మడతపడే రకం మరొకటి ఉన్నాయి. ఎత్తుగా పేరుకున్న మంచును మోసుకెళ్తుండగా తగిలితే, కింది అంచు మాత్రమే మడతపడేది ముందున్న మంచును వదిలేయదు. వెస్టర్న్, ఫిషర్, బాస్, మేయర్ వంటి పేరున్న తయారీల్లో ఏది కొనాలన్నది నా దృష్టిలో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: తుపాను రాత్రి విడిభాగాలు ఇచ్చేందుకు తలుపులు తెరిచి ఉంచే డీలరు మీకు దగ్గరలో ఎవరికున్నాడు?

రెండో ట్రక్కు ఎప్పుడు కొనాలన్నది చాలామంది లాభాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఉన్న ఒక్క ట్రక్కు మూలపడితే వెంటనే రాగల ఏర్పాటు లేనంతకాలం మీరు ఖాతాదారుకు ఇచ్చిన గడువు ఒట్టి మాటే. సొంత ట్రక్కు కాకపోతే, పరస్పరం ఆదుకునే మరో కాంట్రాక్టరుతోనైనా రాతపూర్వక ఒడంబడిక చేసుకోండి.

ఆరవ దశ: తుపాను రాత్రి

మంచు మొదలవకముందే హైడ్రాలిక్ నూనె, విద్యుత్ కనెక్టర్లు, పిన్నులు, కటింగ్ ఎడ్జ్ (బ్లేడు కింది అంచు) బోల్టులు చూసుకోండి. కనెక్టర్లలో తుప్పు పట్టకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. ప్లౌ కదలకుండా మొరాయించే సందర్భాల్లో చాలావాటికి కారణం పచ్చగా తుప్పెక్కిన ఒక చిన్న ప్లగ్గే. ట్రక్కులో అదనపు గొట్టం, నూనె డబ్బా, సోలినాయిడ్ (విద్యుత్ స్విచ్చు), ట్రిప్ స్ప్రింగు (వాలిన బ్లేడును తిరిగి నిలబెట్టేది), పిన్నులు, పార, లాగుడు పట్టీ ఉండాలి.

పది అంగుళాలు పడుతుందన్న రాత్రి అంతా పడేదాకా ఆగకండి. రెండు మూడు అంగుళాలకొకసారి ప్రధాన దారులను తెరుస్తూ, ఆగిన తర్వాత మొత్తం శుభ్రం చేయండి. పది అంగుళాల తడి మంచును ఒకేసారి తోయబోతే ట్రాన్స్‌మిషన్ దెబ్బతింటుంది.

లాట్‌లోకి రాగానే మొదట భవనం ముందుభాగం. బ్లేడును గోడ దగ్గర దించి, వెనక్కి నడుపుతూ మంచును బయటికి లాగండి. రెండు ట్రక్కుల పొడవు వచ్చాక బ్లేడెత్తి, చుట్టూ తిరిగి వచ్చి, దాన్ని గోడ నుంచి దూరంగా తోయండి. సరుకు దించే ద్వారాల దగ్గరా ఇదే పద్ధతి. తర్వాత మధ్యలో ఒక వరుస తెరిచి, అక్కడినుంచి రెండు పక్కలకూ కొంచెం కొంచెంగా తోసుకుంటూ పోండి. మొదటి కుప్పలను కర్బును దాటించి వీలైనంత వెనక్కి తోయాలి. డిసెంబరులో కర్బు దగ్గరే వదిలేసిన కుప్ప ఫిబ్రవరి నాటికి రెండు వరుసల పార్కింగ్‌ను ఆక్రమిస్తుంది. తోసేటప్పుడు బ్లేడు ఫ్లోట్‌లో (నేల ఎత్తుపల్లాలకు తగ్గట్టు తనంతట తాను కదిలేలా) ఉండాలి, సీటు బెల్టు పెట్టుకొని ఉండాలి. గేరు మార్చేముందు ట్రక్కు పూర్తిగా ఆగాలి. వెనక్కి వచ్చే ప్రతిసారీ అద్దాలతో సరిపెట్టుకోకుండా తల తిప్పి చూడండి. లాట్ నుంచి లాట్‌కు వెళ్లేటప్పుడు బ్లేడు రేడియేటరుకు గాలిని అడ్డుకుంటుంది. ఇంజిను వేడెక్కుతుంటే బ్లేడును పక్కకు తిప్పి, ఎత్తు కొంచెం తగ్గించి, నెమ్మదిగా వెళ్లండి.

ఇంజిను నడుస్తుండగా ట్రక్కులో కునుకు తీయడం ప్రాణాంతకం. పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపల నిండుతుంది. దానికి వాసన ఉండదు. అలసిన డ్రైవరు పడుకోవడానికి వేరే గది ఉండాలి, అతని స్థానంలో కూర్చునే మనిషీ ఉండాలి. డ్రైవర్లు ఉద్యోగులైతే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్ల వేతనం ఇవ్వాలి. ఆ ఖర్చును ధరలోనే కలపండి.

ఏడవ దశ: ఉప్పు

ముందు తోయండి, తర్వాతే చల్లండి. మందపాటి మంచు మీద పోసిన ఉప్పు డబ్బును నీళ్లలో కలపడమే. ఎంత చల్లాలన్నది గాలి ఉష్ణోగ్రతను బట్టి కాక నేల ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయించాలి. అందుకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి చాలు. 30 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఒక పౌండు ఉప్పు సుమారు 46 పౌండ్ల గడ్డను కరిగిస్తుంది. 20 డిగ్రీలకు అది తొమ్మిది పౌండ్ల లోపుకు, 10 డిగ్రీలకు ఐదు పౌండ్లకు పడిపోతుంది. 15 డిగ్రీల కిందికి జారినప్పుడు ఒట్టి రాక్ సాల్ట్‌ను రెట్టింపు చేసే బదులు కాల్షియం క్లోరైడ్ గాని మెగ్నీషియం క్లోరైడ్ గాని కలిపినది వాడాలి. గడ్డ కట్టకముందే 23 శాతం ఉప్పునీటిని నేలమీద పిచికారీ చేస్తే మంచు నేలకు అతుక్కోదు, ఉప్పు ఖర్చూ బాగా తగ్గుతుంది.

కరిగిన ఉప్పు చెరువులకూ బావులకూ చేరుతుంది. అక్కడినుంచి దాన్ని తీసే సులువైన మార్గం లేదు. ఒక టీస్పూను ఉప్పు ఐదు గ్యాలన్ల నీటిని శాశ్వతంగా కలుషితం చేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ హెచ్చరిస్తుంది. తగుమాత్రంగా చల్లడంలో శిక్షణ కూడా ఇస్తుంది. న్యూ హాంప్‌షైర్‌లో ఇలాంటి శిక్షణ పొంది, రికార్డులు సరిగా ఉంచుకున్న వాణిజ్య కాంట్రాక్టర్లకు జారిపడే దావాల నుంచి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఉప్పు చల్లే యంత్రాన్ని (స్ప్రెడర్‌ను) ఏటా కొలతపెట్టి సరిచేయండి. ఘనగజం ఉప్పు టన్ను దాకా తూగుతుంది కాబట్టి, ట్రక్కు మోయగలిగిన బరువు మళ్లీ చూసుకోండి.

ఎనిమిదవ దశ: రికార్డులు, వసంతం

ప్రతి రాకకూ చేరిన సమయం, వెళ్లిన సమయం, మంచు లోతు, నేల ఉష్ణోగ్రత, చల్లిన ఉప్పు, డ్రైవరు పేరు రాసి, పని ముందూ వెనుకా ఫొటోలు తీయాలి. దావా ఏళ్ల తర్వాత రావచ్చు. అప్పటికి డ్రైవరు మీ దగ్గర ఉండకపోవచ్చు. తెల్లవారుజామున 3:40కి చేరి, 4:25కి ఉప్పు చల్లి వెళ్లినట్టు ఫొటోతో సహా ఉన్న ఒక్క పుట చాలాసార్లు వివాదాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. బిల్లు కూడా అదే పుటతో జతచేసి, తుపాను ముగిసిన రెండు మూడు రోజుల్లోనే పంపండి. ఆలస్యమైతే ఎండలో మంచుతోపాటు దాని జ్ఞాపకమూ కరిగిపోతుంది, ఖాతాదారు బేరం మొదలుపెడతాడు.

మార్చి చివరలో ఉప్పును కడిగేసి, ప్లౌలకు తుప్పు గీకి రంగు వేసి, హైడ్రాలిక్ నూనె మార్చి, సిలిండరు కడ్డీలకు గ్రీజు పూసి, ఎండా వానా తగలని చోట నిలిపి ఉంచండి. ఏప్రిల్‌లో ప్రతి లాట్‌నూ యజమానితో కలిసి నడిచి, బ్లేడుకు చెక్కుకుపోయిన గడ్డినీ కర్బులనూ అతను అడగకముందే బాగుచేయించండి. వచ్చే సీజన్ ధరల పత్రాన్ని, ఆ లాట్‌కు నిజంగా పట్టిన నిమిషాల లెక్కను దగ్గర పెట్టుకుని, అదే రోజు అతని చేతికివ్వండి. ఏప్రిల్‌లో సంతకమైన ఒప్పందాలను చూసుకుంటే జూన్ నాటికి మరో ట్రక్కు అవసరమో కాదో తేలిపోతుంది, ప్లౌ ఆర్డరు పెట్టడానికీ తొందరపడనక్కర్లేనంత వ్యవధి ఉంటుంది.